నిప్పుతో చల్లనగు పెట్టె

నిప్పుచే చల్లదనము కలుగునని వినినప్పుడు మొదట మేమును నమ్మలేదు. కాని అమెరికా దేశమున మోటారుకారు వెనుక కట్టి లాగుకొనిపోవు ఇంటిబండ్లలో గ్యాసుమంటతో చల్లనగు శీతలపేటికలు గలవు. ఈ పద్ధతిని 1922వ సంవత్సరమున స్వీడను దేశమందు ప్లాటెన్, మున్టర్సు అను నిరువురు విద్యార్థులు కనిపెట్టిరి.

మంటవేడిమిచే నీటినుండి వెడలిన అమోనియా ఆవిరి, పెట్టె వెనుక రేకులు తొడిగిన గొట్టములలో చల్లారి ద్రవమగును. పిమ్మట హైడ్రోజనుతో కూడి మరల ఆవిరియగుచు లోపలి వేడిని హరించును. వెనుకటి వేడిగాలి పైకి పోనిచో ఈ పని కుంటుపడును. వేసవిలో పాలు విరుగును. ఇన్సులిన్ వంటి మందులు చెడును. కావున గాలి రేకులమీదుగా పైకి పోవునట్లు 12 వోల్టుల చిన్న పంకాల నమర్చుదురు. వాని గాలి మంటను కదల్పరాదు.

చల్లబరచుట యనగా వేడిని వెలికి పంపుటయేయని మేము దీనివలన నేర్చితిమి.