టే వంతెన ప్రమాదం: 75 మంది మృతులు 59 మంది ఎలా అయ్యారు?

1879 డిసెంబర్ 28, ఆదివారం. స్కాట్లండ్‌లోని టే నది మీద పెనుగాలి వీస్తోంది. రాత్రి ఏడుంపావు ప్రాంతంలో డండీ వెళ్తున్న రైలు వంతెన ఎక్కింది. కాసేపటికే వంతెన మధ్య భాగంలోని ఎత్తైన గర్డర్లు కూలిపోయాయి. ఇంజన్, పెట్టెలతో సహా రైలంతా నీళ్లలో పడింది. ఒక్కరూ బతకలేదు.

ఎంతమంది చనిపోయారు? దాదాపు 75 మంది అని చాలాకాలం పుస్తకాలు రాస్తూ వచ్చాయి. అయితే 2013లో నదికి ఇరువైపులా ఆవిష్కరించిన స్మారకాల మీద ఉన్నవి 59 పేర్లే. మరణ రికార్డులను ఒక్కొక్కటిగా పరిశీలించిన స్థానిక కుటుంబ చరిత్ర పరిశోధకుల వల్లే ఈ లెక్క మారింది.

"ముత్తాత రైలు ప్రమాదంలో పోయాడట" అన్న ఒక్క ముక్క తప్ప మరేమీ మిగలని కుటుంబాలు బ్రిటన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. విక్టోరియా కాలం నాటి అలాంటి మరణం గురించి వివరాలు వెతకడం ఎలాగో టే వంతెన ఉదంతం చెబుతుంది.

పేర్ల జాబితా ఎందుకు లేదు?

అప్పటి రైలు టికెట్ మీద ప్రయాణికుడి పేరు ఉండేది కాదు. రిజర్వేషన్ చార్టు లాంటిదేమీ లేదు. వంతెనకు ముందు వసూలు చేసిన డండీ టికెట్లు 56. వాటికి సీజన్ టికెట్లవాళ్లను, ఇతర ఊళ్లకు వెళ్లేవాళ్లను, రైల్వే సిబ్బందిని అంచనాగా కలిపితే 74 లేదా 75 అని తేలింది. అంటే అది మనుషుల లెక్క కాదు, టికెట్ల మీద వేసిన అంచనా.

దొరికిన మృతదేహాలు 46. మిగిలిన వాళ్లను నది తిరిగి ఇవ్వలేదు. అలాంటివారి వారసులకు వెళ్లి చూడటానికి సమాధి కూడా లేదు.

మొదట ఏం చూడాలి?

మరణ ధ్రువీకరణ పత్రం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 నుంచి, స్కాట్లండ్‌లో 1855 నుంచి ప్రభుత్వం మరణాలను నమోదు చేస్తోంది. స్కాట్లండ్ పత్రంలో మృతుడి తల్లిదండ్రుల పేర్లు కూడా ఉంటాయి. ఒకే పేరున్న ఇద్దరిలో మనవాడెవరో తేల్చుకోవడానికి ఇది బాగా ఉపయోగపడుతుంది.

ఇంగ్లండ్‌లో ప్రమాద మరణాలపై కరోనర్ విచారణ జరిగేది. మన శవ పంచనామా లాంటిదే కానీ, జ్యూరీ ముందు బహిరంగంగా సాగేది. ఆ కాగితాలు చాలాచోట్ల మిగల్లేదు. కానీ మరణ పత్రంలో కరోనర్ పేరు, విచారణ తేదీ ఉంటాయి. ఆ తేదీ పట్టుకుని స్థానిక పత్రికలు తిరగేస్తే సాక్షులు ఏం చెప్పారో చాలాసార్లు దొరుకుతుంది. స్కాట్లండ్‌లో కరోనర్ ఉండరు. అనుమానాస్పద, ఆకస్మిక మరణాలను ప్రొక్యురేటర్ ఫిస్కల్ అనే అధికారి పరిశీలిస్తారు. ఆయన తేల్చిన విషయాన్ని సవరణల రిజిస్టర్‌లో రాసేవారు. అందుకే అసలు పత్రంతోపాటు దాన్నీ చూడాలి.

పత్రికలతో ఒక జాగ్రత్త అవసరం. ప్రమాదం జరిగిన వెంటనే అచ్చయిన జాబితాల్లో పేర్లు, వయసులు తప్పుగా ఉండొచ్చు. తర్వాతి వారాల సంచికలు కూడా చూడాలి.

ప్రభుత్వ నివేదికలో ఏముంటుంది?

రైల్వే ప్రమాదాలను పరిశీలించడానికి బ్రిటన్ 1840లోనే తనిఖీ అధికారులను నియమించింది. టే వంతెనపై ముగ్గురు సభ్యులతో విచారణ జరిగింది. డిజైన్, నిర్మాణం, నిర్వహణ మూడూ లోపభూయిష్ఠమేనని తేలింది. ఇంజనీర్ థామస్ బౌచ్‌కు అంతకు కొన్ని నెలల ముందే 'సర్' బిరుదు వచ్చింది. నివేదిక తర్వాత ఆయన పేరు మసకబారింది. 1880లోనే ఆయన చనిపోయారు.

ఇలాంటి నివేదికలు ప్రమాదం ఎందుకు జరిగిందో చెబుతాయి. చనిపోయిన ప్రయాణికులు ఎవరో చాలాసార్లు చెప్పవు. కారణం ఒక కాగితంలో, పేరు మరో కాగితంలో ఉంటాయి. వెతికేవాళ్లు ఆ రెండింటినీ కలపాలి.

రైల్వే కార్మికుడైతే?

పెద్ద ప్రమాదాలు చరిత్రకెక్కాయి కానీ, పట్టాల మీద ఒంటరిగా చనిపోయిన కార్మికుల సంఖ్య ప్రయాణికుల కన్నా చాలా ఎక్కువ. షంటింగ్‌లో బఫర్ల మధ్య నలిగినవాళ్లు, పట్టాలు సరిచేస్తూ ఇంజన్ కింద పడినవాళ్లు ఉన్నారు. పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం, నేషనల్ రైల్వే మ్యూజియం, వారిక్ విశ్వవిద్యాలయంలోని మోడర్న్ రికార్డ్స్ సెంటర్ కలిసి నడుపుతున్న 'రైల్వే వర్క్, లైఫ్ అండ్ డెత్' ప్రాజెక్టు, 1880ల నుంచి 1939 వరకు జరిగిన ఇలాంటి ప్రమాదాల వివరాలను వలంటీర్ల సాయంతో ఉచిత డేటాబేస్‌గా మారుస్తోంది.

భారత్‌లో సంగతేంటి?

చట్టం ఇక్కడికీ వచ్చింది. ప్రమాదంలో చనిపోయినవారి కుటుంబానికి నష్టపరిహారం కోరే హక్కు ఇంగ్లండ్‌లో 1846లో వస్తే, అదే నమూనాలో భారత్‌లో 1855లో ఫాటల్ యాక్సిడెంట్స్ యాక్ట్ వచ్చింది.

కానీ పేర్ల నమోదు అలా రాలేదు. ఇక్కడ చనిపోయిన బ్రిటిష్ రైల్వే ఉద్యోగుల ఆచూకీ చర్చి ఖనన రిజిస్టర్లలో దొరికే అవకాశం ఉంది. అవి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. భోర్ ఘాట్ లాంటి చోట్ల కొండలు తొలిచి లైను వేస్తూ వేలమంది భారతీయ కూలీలు చనిపోయారు. వాళ్ల పేర్లు రాసిపెట్టిన రిజిస్టర్ లేదు. దేశమంతటా జనన మరణాల నమోదు తప్పనిసరి చేసిన చట్టం వచ్చింది 1969లో.

టే నదిలో 75 అనుకున్నవాళ్లు 59 మంది అని తేల్చడం సాధ్యమైందంటే, ప్రతి మరణానికీ ఎక్కడో ఒక కాగితం ఉండటమే కారణం. భోర్ ఘాట్ కూలీల వారసులకు తిరగేయడానికి ఆ కాగితమే లేదు.