కొట్టు కంప్యూటర్‌కు ఏ భాష?

తుంగభద్ర ఎడమ కాలువ ప్రాంతంలోని సిరవార లాంటి ఊళ్లో వడ్ల వ్యాపారికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఏ భాషలో రాశారన్నది అనవసరం. నెట్ లేకపోయినా, కంప్యూటర్ పాతదైనా పని ఆగకూడదు, అంతే.

తయారుచేసేవారికి మాత్రం అసలు చిక్కు అక్కడే. 1998లో మైక్రోసాఫ్ట్ విజువల్ బేసిక్ 6 తెచ్చింది. ఎన్నో బిల్లింగ్ ప్రోగ్రాములు అందులోనే పుట్టాయి. 2002లో దాని స్థానంలో మైక్రోసాఫ్ట్‌దే డాట్‌నెట్ వచ్చింది; పాత కోడ్ అందులో ఉన్నదున్నట్టు నడవదు. 2008లో పాత పనిముట్టుకు మద్దతూ ఆగింది.

1986లో మొదలైన బెంగళూరు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ సంస్థ టాలీ వేరే దారి పట్టింది. కొట్టుకో తీరుగా మార్చుకోవడానికి టీడీఎల్ అనే సొంత భాషనే ఇచ్చింది. తెలివైన పనే, కానీ ఆ విద్య టాలీ గడప దాటితే చెల్లదు.

ఇప్పుడైతే, విండోస్ ఒక్కటే చాలనుకుంటే డాట్‌నెట్ భాష సీ షార్ప్ నయం. వెబ్ భాషలతో ప్రోగ్రాములు రాయనిచ్చే ఎలక్ట్రాన్‌తో రాస్తే మ్యాక్, లినక్స్‌లలోనూ నడుస్తుంది; కాకపోతే ప్రతి ప్రోగ్రాము వెంట క్రోమియం బ్రౌజర్ మొత్తం వస్తుంది. పాత కంప్యూటర్‌కు అది మోయలేని బరువే.