వైను తయారీ: సేద్యపు ఇంటి బిడ్డకు తగిన వృత్తియేనా?

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతములలో బోర్లు నానాటికి లోతునకు పోవుచున్నవి. ఉన్న పొలము ఇంటిల్లిపాదికి చాలక చదువుకొన్న రైతుబిడ్డలు పట్టణములకు తరలుచున్నారు. తోటపని తెలిసిన యువకునకు ఆ తెలివిని వదలుకొనకుండ చేయదగిన వృత్తులలో ద్రాక్షవైను తయారీ యొకటి. మన రైతులకు ఇది కొత్త. కావున ఇందులో సేద్యపు పెంపకము ఎంతవరకు అక్కరకు వచ్చునో, ఎచ్చట చాలదో తెలిసికొనుట మంచిది.

పొలము నేర్పిన సగము

వైను గుణములో పెద్దపాలు తోటలోనే నిర్ణయమగును. పండని కాయనుండి మంచి వైను రాదు. బత్తాయి తోటలో పెరిగిన బిడ్డ కాయ రంగు చూచి, రుచి చూచి, కోతకు వచ్చినదో లేదో చెప్పగలడు. తీపి, పులుపుల పొందిక తెలియుట వైను పనివానికి మొదటి గుణము. ఆకు చూచి తెగులు గుర్తించుట, మబ్బు చూచి మందు చల్లుట, కోసిన పండును ఎండ తగులకుండ చేర్చుట కూడ అతనికి అలవాటే.

నేర్చుకొనవలసిన సగము

చెట్టునుండి దించిన కల్లు గాలిలోని ఈస్టు వలన గంటలలోనే తనంతట పులియును. ఇంకను వదలిన పుల్లని సిర్కా యగును. ద్రాక్షరసమును కూడ అదృష్టమునకు వదలిన ఇదియే గతి. వైను పనివాడు ఎంచుకొన్న ఈస్టు వేసి, వేడిమిని అదుపులో నుంచి, గాలి తగులనీయక కాపాడవలెను. తెల్లవైనుకు 15 నుండి 18 డిగ్రీల సెంటిగ్రేడు, తొక్కతో కలిపి పులియబెట్టు ఎర్రవైనుకు 25 నుండి 28 డిగ్రీలు అనుకూలము. మన వేసవిలో ఇది చల్లని యంత్రములు లేనిదే సాధ్యము కాదు.

నాలుక చాలదు, కొలత కావలెను. లీటరు రసములో సుమారు 17 గ్రాముల చక్కెర నూటికి 1 పాలు సారమగును. రిఫ్రాక్టోమీటరుపై 22 బ్రిక్సు చూపిన రసము 12 లేక 13 శాతము సారము గల వైనునిచ్చును. అందుకే తినుటకు పెంచు అనాబ్-ఇ-షాహీ వంటి పెద్దకాయ రకములకన్న చిన్నకాయ వైను రకములను ఎన్నుకొందురు. బత్తాయి రసములో చక్కెర ఇందులో సగమునకు మించదు. పైగా నిలువయుంచిన చేదెక్కును.

పులియునప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టి తొట్టి అడుగున నిలుచును. పాత ధాన్యపు పాతరలో దిగి ప్రాణము పోగొట్టుకొన్నవారి సంగతి పల్లెలలో తెలిసినదే. బాగుగ గాలి ఆడించనిదే తొట్టిలోనికి దిగరాదు. ఒంటరిగ ఎన్నడును దిగరాదు.

ఒక తెలుగు ఉదాహరణ

హైదరాబాదులో గ్రాన్యూల్స్ ఇండియా మందుల సంస్థను స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ, కర్ణాటకలో హంపీ కొండల దగ్గర ద్రాక్షతోట వేసి, ఆ పండ్లతోనే వైను తయారుచేయించుచున్నారు. ఇరువురి పేర్లు కలిపి దానికి 'కృస్మ' అని పేరిడిరి. కాబర్నే సావిన్యాన్, సాంజొవేసే అచ్చట పెంచు రకములలోనివి. మందుల తయారీలో కొలత, శుభ్రత, లెక్క తప్పనిసరి. ఆ అలవాటుతో వారు తోటకు వచ్చిరి. మన రైతుబిడ్డ నడువవలసినది ఎదురుదారి: తోటనుండి కొలతకు.

చట్టము, ఊరి మంచి

1968 నాటి ఎక్సైజు చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే మద్యము తయారుచేయుట నేరము. 'ఇంటి వాడుకకే' అనుట సాకు కాదు. ఈ సంగతిని గ్రామాధికారులు ముందుగనే చెప్పిన యువకులు చిక్కులలో పడరు.

మరియొక మాట మరువరాదు. పొరుగు నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన ఉద్యమము 1992లో రాష్ట్రమంతట వ్యాపించినది. 1993లో సారా నిషేధింపబడినది. తాగుడు వలన కూలిన సంసారములే ఆ ఉద్యమమునకు మూలము. వైను సారా వంటిది కాదని కొందరు అందురు. సారము మాత్రము రెంటిలోను ఒక్కటే. ఈ వృత్తిలో ప్రవేశించువాడు పల్లెలో తాగుడు పెంచుటకు కాక, పండుకు దూరపు మార్కెట్టులో విలువ తెచ్చుటకు పూనుకొనవలెను.

ఏమి చేయవలెను?

పొలము అమ్మి యంత్రములు కొనవలదు. కొనువాడు ఎవరో తేలకముందు వైను రకములు నాటవలదు. దక్షిణాపథమున ద్రాక్షకు ఏప్రిలులో ఒకసారి, అక్టోబరులో మరియొకసారి కత్తిరింపు చేసి, ఫిబ్రవరి, మార్చి నెలలలో కోయుదురు. మనకు అక్టోబరులో తుపాను వానలు పడిన బూజు తెగులు భయము హెచ్చు. ఇట్టి విషయములకు 1997లో పూనా వద్ద నెలకొల్పిన జాతీయ ద్రాక్ష పరిశోధనా కేంద్రము ప్రచురణలు ఉపయోగించును.

ఆసక్తిగల యువకుడు మొదట ఒక కోతకాలము నాసిక్ లోనో, నంది కొండల దగ్గరనో వైను కర్మాగారములో కూలికైనను కుదురవలెను. తొట్లు కడుగుటయే అచ్చట సగము పని. ప్రతిదినము రసపు తీపిని, వేడిమిని పుస్తకములో వ్రాసికొనవలెను. కోత ముగిసిన పిమ్మటను ఆ పనిపై మనసు నిలిచిన, అది అతని వృత్తి. నిలువనిచో పోయినది ఒక్క కోతకాలమే. పొలము మిగిలియుండును, కొలత నేర్చిన చేయి బత్తాయి తోటకైనను పనికివచ్చును.