అరికాలి పటం, అరచేతి ఒత్తిడి

నర్సీపట్నం చుట్టుపక్కల వరి, చెరకు పొలాల్లోనూ జీడిమామిడి తోటల్లోనూ పనిచేసేవారికీ, చింతపల్లి ఘాట్ దారిన రాకపోకలు సాగించేవారికీ పొద్దుగూకేసరికి కాళ్ల పీకులు, అరికాళ్ల మంటలు మామూలే. పడుకునే ముందు గోరువెచ్చని నువ్వుల నూనెతో పాదాలు మర్దన చేయించుకోవడం, పిల్లల చేత కాళ్లు పట్టించుకోవడం తెలుగు ఇళ్లలో తరతరాల అలవాటు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్యను వివరిస్తూ ఒంటికంతటికీ నూనె పట్టించమనడమే కాక, తల, చెవులు, పాదాల పట్ల ప్రత్యేక శ్రద్ధ చూపాలని చెప్పాడు. ఆయుర్వేదం పాదాభ్యంగం అనే ఈ మర్దనకూ, నేడు రిఫ్లెక్సాలజీ పేరుతో ప్రచారంలో ఉన్న పద్ధతికీ చూపులకు పోలిక ఉన్నా, వాటి పుట్టుక వేరు, అవి చెప్పే కారణాలూ వేరు.

రిఫ్లెక్సాలజీ అమెరికాలో పుట్టింది. కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో చెవి, ముక్కు, గొంతు వైద్యుడైన విలియం ఫిట్జెరాల్డ్, దేహాన్ని తల నుంచి కాలివేళ్ల వరకు పది నిలువు మండలాలుగా విభజించి, ఒక మండలంలో ఒకచోట నొక్కితే అదే మండలంలో మరోచోట నొప్పి తగ్గుతుందని ప్రతిపాదించి, ఎడ్విన్ బవర్స్‌తో కలిసి 1917లో ఒక పుస్తకం వెలువరించాడు. ఆ ఆలోచనను పాదాలకు అన్వయించి, ఏ అవయవానికి ఏ చోటు అన్నది అరికాలిపై పటంగా గీసినది ఫిజియోథెరపిస్టు యూనిస్ ఇంగమ్. ఆమె పుస్తకం 1938లో వచ్చింది. ఆ పటం ప్రకారం బొటనవేలు తలకు, వేళ్ల కిందనున్న కండ భాగం ఊపిరితిత్తులకు, పాదం లోపలి అంచు వెన్నెముకకు, మడమ కటి ప్రాంతానికి చెందుతాయి. కాలేయం చోటు కుడిపాదంలోనే ఉంటుంది. అరచేతికీ ఇలాంటి పటమే ఉంది. చైనా వైద్యంలోని శక్తి మార్గాలను అనుసరించే ఆక్యుప్రెషర్‌ను దీనితో కలిపి చెప్పడం పరిపాటి అయినా, రెండూ ఒకటి కావు.

రిఫ్లెక్సాలజీలో మర్దన చేసే వ్యక్తి ఒక చేత్తో పాదాన్ని నిలకడగా పట్టుకుని, రెండో చేతి బొటనవేలి కణుపును వంచుతూ, చాపుతూ మడమ నుంచి వేళ్ల దాకా అంగుళం అంగుళం జరుపుకుంటూ పోతాడు. ఎక్కడైనా గరుకుగా, ఇసుక రేణువుల్లా తగిలితే అక్కడ మలినాలు పేరుకున్నాయని, ఆ చోటుకు చెందిన అవయవంలో లోపముందని అంటాడు. కానీ అటువంటి నిక్షేపాలు ఉన్నట్టు ఎవరూ నిరూపించలేదు. బ్రిటన్‌లో జరిగి 2000లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, రోగుల వివరాలు తెలియని ఇద్దరు రిఫ్లెక్సాలజిస్టులు 18 మంది పాదాలను పరీక్షించి ఎవరికి ఏ జబ్బు ఉండవచ్చో అంచనా వేయగా, ఒకరి మాటకూ మరొకరి మాటకూ పొంతన కుదరలేదు. చికిత్సగా ఇది ఏ వ్యాధినైనా నయం చేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని, 18 ప్రయోగాలను సమీక్షించిన పరిశోధకుడు ఎడ్జార్డ్ ఎర్నస్ట్ 2009లో తేల్చాడు.

అయినా మర్దన తర్వాత హాయి కలుగుతుందన్న అనుభవం అబద్ధం కాదు, దానికి కారణం పటంలో కాక నాడుల్లో ఉంది. పాదంలో 26 ఎముకలు, వాటిని పట్టి ఉంచే కండరాలు, స్నాయువులు ఉండగా, వెంట్రుకలు లేని అరికాలి దళసరి చర్మంలో ఒత్తిడిని, కంపనాన్ని, సాగుదలను పసిగట్టే స్పర్శగ్రాహకాలు దట్టంగా ఉంటాయి. అవి పంపే సంకేతాలు తుంటి నాడి మీదుగా వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరతాయే తప్ప, అరికాలిలోని ఒక చోటు నుంచి కాలేయానికి ప్రత్యేక దారి ఏదీ లేదు. స్పర్శను మోసే లావు నాడీ తంతువులు చురుకైనప్పుడు, సన్నని తంతువులు మోసే నొప్పి వెన్నుపాములోనే కొంత అణగుతుందని పరిశోధకులు రోనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోటును మనం అప్రయత్నంగా రుద్దుకోవడానికి కారణం కూడా ఇదే. దీనికి తోడు బిగిసిన కండరం సడలుతుంది, మనసు నెమ్మదిస్తుంది, నమ్మకమైన చేతి స్పర్శ వల్ల ధైర్యం కలుగుతుంది. ఇంతటి మేలును చిన్నచూపు చూడనక్కరలేదు. అయితే కాలేయం చోటు నొక్కించుకుంటున్నామన్న భరోసాతో కామెర్లకు వైద్యం ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు.

అసలు జాగ్రత్త పడవలసినవారు మధుమేహులు. చాలాకాలంగా చక్కెర అదుపులో లేనివారికి పాదాల నాడులు దెబ్బతిని, నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియని స్థితి వస్తుంది. అటువంటి పాదానికి గట్టి ఒత్తిడి, కర్రముక్కతో పొడవడం, మరీ వేడి నూనె పట్టించడం పుండుకు దారితీయవచ్చు; నొప్పి తెలియదు కనుక పుండు ముదిరేదాకా ఎవరూ గమనించరు. ఒక కాలే హఠాత్తుగా వాచి, పిక్క నొప్పి చేస్తే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, మర్దనతో ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదముంది కాబట్టి ముందు వైద్యునికి చూపించడం తప్పనిసరి. గాయాలు, చీము, ఎముక విరుగుళ్లు ఉన్నప్పుడు మర్దన కూడదు; గర్భిణులు వైద్యుల సలహా తీసుకున్నాకే చేయించుకోవాలి.

ఆరోగ్యవంతులకు ఇంటి మర్దనే చాలు. అరికాలి చర్మంలో నూనె గ్రంథులు లేనందువల్ల అది తొందరగా ఎండి పగులుతుంది గనుక, గోరువెచ్చని నువ్వుల నూనె కొద్దిగా రాసి, మడమ నుంచి వేళ్ల వైపు బొటనవేలితో ఓర్చుకోగలిగినంత ఒత్తిడితో నొక్కుతూ వచ్చి, చివర ఒక్కొక్క వేలినీ మెల్లగా లాగి వదలాలి. వేళ్ల సందుల్లో తడి, నూనె మిగిలితే బూజు జాతి చర్మవ్యాధులు పట్టుకుంటాయి కాబట్టి పొడి గుడ్డతో తుడవాలి. అలా తుడిచేటప్పుడే పగుళ్లు, బొబ్బలు, గుచ్చుకున్న ముల్లు, రంగు మారిన చోటు ఏదైనా ఉందేమో దీపం వెలుగులో చూడాలి. మధుమేహులు, మర్దన మానుకున్నా సరే, ఈ పరీక్షను మాత్రం రోజూ చేసుకోవాలి.