సంఘం కంప్యూటరుకు నెట్ ఆగినప్పుడు – అంతస్తుల వారీగా లోపం వెతికే పద్ధతి

పాలు పోసిన వెంటనే సభ్యుని చేతికి చీటీ వస్తుంది. అందులో లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., రావలసిన సొమ్ము ఉంటాయి. అవే అంకెలు సంఘం కంప్యూటరు నుంచి యూనియన్ కార్యాలయానికి చేరితేనే బిల్లు తయారై డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. మధ్యలో నెట్ ఆగితే బిల్లు ఆలస్యమవుతుంది. దాణా బాకీ, పిల్లల ఫీజు, పొలం కూలీ అన్నీ ఆ బిల్లు మీదే ఆధారపడి ఉంటాయి. కనుక ఈ విషయం ఒక్క కార్యదర్శికే కాదు, సభ్యులందరికీ తెలియాలని మా ఉద్దేశం.

చాలా సంఘాల నుంచి వచ్చే కబురు ఒక్కటే: "నెట్ లేదండీ." గేదెకు ఒంట్లో బాగా లేదని చెబితే పశువైద్యుడు మందు ఇచ్చెయ్యడు. మేత మేస్తున్నదా, నెమరు వేస్తున్నదా, జ్వరం ఉన్నదా అని వరసగా అడుగుతాడు. నెట్ విషయంలోనూ అలాంటి వరస ఒకటి ఉన్నది.

ఏడు అంతస్తుల లెక్క

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనే పనిని ఏడు అంతస్తులుగా విభజించి, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1984లో ఒక నమూనాను ప్రకటించింది. నేటి ఇంటర్నెట్ అచ్చంగా ఆ ఏడింటి ప్రకారమే నడవదు. అయినా లోపం వెతకడానికి ఈ లెక్క బాగా పనికి వస్తుంది. కారణం ఒక్కటే: కింది అంతస్తు సరిగా లేకపోతే పై అంతస్తు పని చేయదు. పాల విషయంలో ఇది మనకు తెలిసినదే. పితికిన గిన్నె శుభ్రంగా లేకపోతే, శీతలీకరణ కేంద్రంలో ఎంత చల్లబరచినా ఆ పాలు బాగుపడవు. అందుచేత కింది నుంచి పైకి చూసుకుంటూ పోవాలి.

మొదటి అంతస్తు: కరెంటు, తీగ, దీపం

ముందు కళ్లతో చూడండి. కరెంటు ఉన్నదా? ఇన్వర్టరు బ్యాటరీ దిగిపోయిందా? తీగ ఊడిందా, ఎలుక కొరికిందా? ఫైబరు పెట్టె మీద ఎల్.ఓ.ఎస్. అని రాసిన చోట ఎర్ర దీపం వెలిగితే, బయటి తీగ ద్వారా రావలసిన వెలుతురు రావడం లేదని అర్థం. అప్పుడు కంప్యూటరును ఎంత కదిపినా లాభం లేదు. లైనువారికి చెప్పాలి. ఊడిన ఫైబరు కొసను కంటికి దగ్గరగా పెట్టి చూడకూడదు. అది కంటికి హాని.

మన ప్రాంతంలో ఈ అంతస్తే ముఖ్యం. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ నెట్ తీగలను చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. స్తంభం కూలితే కరెంటూ పోతుంది, నెట్టూ పోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో వేల స్తంభాలు నేలకూలాయి. అలాంటి గాలివాన తరువాత మొదట చూడవలసింది స్తంభాన్నే.

రెండవ అంతస్తు: గది లోపలి కలయిక

కంప్యూటరుకు, రూటరుకు మధ్య సంబంధం ఇది. తీగ గుచ్చిన చోట చిన్న దీపం మినుకుమంటూ ఉండాలి. లేకపోతే తీగను మరొక రంధ్రంలో పెట్టి చూడండి, లేదా వేరే తీగ వేసి చూడండి. వైఫై అయితే మన సంఘం పేరుకే కలిసిందా, పక్కింటివారి దానికి కలిసిందా చూడాలి. సీతంపేట కొండ ప్రాంతంలో లాగా సిమ్ కార్డుతో నడిచే చోట, సిగ్నలు గీతలు ఎన్ని ఉన్నాయో చూసి, పెట్టెను కిటికీ దగ్గరకు మార్చి చూడాలి.

మూడవ అంతస్తు: చిరునామా, దారి

ఉత్తరానికి లాగే ప్రతి కంప్యూటరుకూ అంకెల చిరునామా ఉండాలి. దానిని రూటరు ఇస్తుంది. చిరునామా 169.254తో మొదలైతే రూటరు నుంచి ఏమీ అందలేదని, కంప్యూటరు తనంతట తానే ఒకటి పెట్టుకున్నదని గుర్తు. అప్పుడు తిరిగి రెండవ అంతస్తుకు దిగాలి.

చిరునామా సరిగా ఉంటే "పింగ్" అనే ఆజ్ఞతో కేకవేసి చూడాలి. మొదట రూటరును పిలవండి. దాని అంకెలు తరచు పెట్టె అడుగున చీటీ మీద ఉంటాయి. తరువాత బయటి ప్రపంచంలో 8.8.8.8ను పిలవండి. రూటరు పలికి, బయటిది పలకకపోతే, లోపం చాలావరకు మన గది దాటిన తరువాత ఉన్నట్లే.

నాలుగవ అంతస్తు: సరుకు సక్రమంగా చేరడం

పంపిన సమాచారం ముక్కలుగా వెళ్తుంది. దారిలో ఏ ముక్క తప్పిపోయినా మళ్లీ పంపించి, వరస తప్పకుండా పేర్చేది ఈ అంతస్తు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క తలుపు అంకె కూడా ఇక్కడే ఉంటుంది. మిగతావన్నీ తెరుచుకుని, పాల లెక్కల ప్రోగ్రాం ఒక్కటే కలవకపోతే, ఆ తలుపును కంప్యూటరులోని రక్షణ ప్రోగ్రాం మూసి ఉండవచ్చు. దీనిని కంప్యూటరు మనిషికి వదిలిపెట్టడం మంచిది.

పై మూడు అంతస్తులు: ప్రోగ్రాం

ఈ మూడింటినీ కలిపి చూడవచ్చు. మొదట కంప్యూటరులో తేదీ, గంట సరిగా ఉన్నాయా చూడండి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు భద్రత గల కలయికను ప్రోగ్రాం ఒప్పుకోదు. తరువాత సంఘం కోడు, పాస్‌వర్డు చూడండి. 8.8.8.8 పలుకుతూ పేరుతో ఏదీ తెరుచుకోకపోతే, పేరును అంకెలుగా మార్చే ఏర్పాటు చెడిందన్నమాట. ఇవన్నీ సరిగా ఉంటే పక్క ఊరి సంఘానికి ఫోను చేయండి. వారికీ ఆగి ఉంటే లోపం బహుశా యూనియన్ వైపే ఉంటుంది.

తొందర పడకూడని చోట్లు

ఒకసారి ఒక్క మార్పే చేయాలి. చేసి, ఫలితం చూసి, కాగితం మీద రాయాలి. నాలుగు తీగలు ఒకేసారి పీకితే ఏది చెడిందో ఎవరికీ తెలియదు. రూటరు వెనుక సన్న రంధ్రంలోని మీటను పుల్లతో నొక్కకండి. దానిలోని ఏర్పాట్లన్నీ చెరిగిపోతాయి. ఆపి మళ్లీ వేయాలంటే ముందు ఫైబరు పెట్టె, తరువాత రూటరు, చివర కంప్యూటరు. మధ్యలో రెండు నిమిషాలు ఆగాలి. ఫోనులోని నెట్‌ను కంప్యూటరుకు కలిపి చూస్తే పని నడిచిందా, అప్పుడు కంప్యూటరు, ప్రోగ్రాం బాగున్నట్లే, లోపం లైనులోనో రూటరులోనో ఉన్నట్లే.

సభ్యులు గుర్తుంచుకోవలసినవి

నెట్ ఆగినందువల్ల వెన్న శాతం తగ్గదు. శాతాన్ని కొలిచేది పరీక్ష యంత్రం, బరువును చూసేది తూకం. రెండూ నెట్ లేకుండానే కొలుస్తాయి. "నెట్ లేదు, అందుకే శాతం తక్కువ వచ్చింది" అన్న మాట ఎవరు చెప్పినా నమ్మవద్దు. శాతం మీద అనుమానముంటే యంత్రం ముందే మళ్లీ పరీక్ష అడగండి. అలాగే నెట్ లేదని పాలు తిప్పి పంపకూడదు. చీటీ రాకపోతే లీటర్లు, శాతం రిజిస్టరులో చేతితో రాయించి, పక్కన సంతకం చేయండి. నెట్ వచ్చిన తరువాత కార్యదర్శిగారు ఆ లెక్కలు అంతకుముందే కంప్యూటరులో ఉన్నాయేమో చూసి, లేనివాటినే ఎక్కించాలి. లేకపోతే ఒకే పూట పాలు రెండుసార్లు పడతాయి.

ప్రతి సంఘం తన గోడ మీద ఒక అట్ట కట్టుకోవలసిందిగా కోరుతున్నాము. దాని మీద పై అంతస్తుల వరసనూ, కరెంటు వారు, లైనువారు, కంప్యూటరు మనిషి, యూనియన్ కార్యాలయం – ఈ నాలుగు ఫోను నంబర్లనూ రాయండి. "నెట్ లేదు" అనడానికి బదులు "రూటరు పలుకుతున్నది, బయటిది పలకడం లేదు" అని చెప్పగలిగితే, ఎవరిని పిలవాలో ముందే తేలుతుంది, బిల్లూ త్వరగా చేతికి వస్తుంది.