పరీక్షల కాలంలో పిల్లల నిద్ర



ఏటా సంక్రాంతి సెలవులు ముగిసి, పదవ తరగతి, ఇంటర్ పరీక్షలు దగ్గరపడే కొద్దీ మా ఓ.పి.కి వచ్చే పిల్లలు ఎక్కువవుతారు. తలనొప్పి, కళ్ళు తిరగడం, కడుపులో మంట, ఊరికే ఏడుపు రావడం - వాళ్ళు చెప్పే బాధలు ఇంచుమించు ఇవే.

ఆ మధ్య గుర్రంకొండ వైపు నుండి ఒక తల్లి, పదవ తరగతి చదివే కుమార్తెను తీసుకువచ్చింది. స్కూల్లో ప్రార్థన వేళ పాప కళ్ళు తిరిగి పడిపోయిందట. "రక్తం తక్కువైనట్టుంది సిస్టరమ్మా, గ్లూకోజు ఎక్కించండి" అని అడిగింది. డాక్టరుగారు పరీక్షించారు. రక్తం, బి.పి., షుగరు అన్నీ సరిగానే ఉన్నాయి. "రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటావమ్మా?" అని మేము అడిగాం. పన్నెండున్నరకు పడుకుని నాలుగున్నరకు లేస్తోందట. "కొంచెం ముందే పడుకోవచ్చు కదా" అంటే ఆ పాప తల వంచుకుని, "నా చదువు కోసం అమ్మ టమోటా కోతకు పోతా ఉంది. నేను పడుకుంటే తప్పు చేసినట్టు ఉంటుంది" అన్నది.

తల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాత్రుళ్ళు నిద్ర రాకుండా టీ కాచి ఇస్తున్నది ఆమే. పాపకు కావలసింది గ్లూకోజు కాదు, నిద్ర.

నిద్రలో ఏం జరుగుతుంది?

నిద్ర సోమరితనం కాదు. పగలు చదివినది మెదడులో స్థిరపడటానికి నిద్ర కావాలి. 13 నుండి 18 ఏళ్ళ పిల్లలకు రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. నిద్రకు సాయపడే మెలటోనిన్ అనే హార్మోను ఈ వయసులో రాత్రి ఆలస్యంగా పెరుగుతుంది. అందుకే త్వరగా నిద్ర పట్టదు, తెల్లవారుజామున మెలకువ రాదు. దానికి మొద్దు నిద్ర అని తిట్టడం న్యాయం కాదు.

రాత్రి డ్యూటీలు చేసిన మాకు ఇది అనుభవమే. తెల్లవారుజామున నాలుగింటికి మందు చీటీ రెండుసార్లు చదివినా బుర్రకెక్కదు. ఆ వేళలోనే మన పిల్లలను లెక్కలు చేయమంటున్నాం.

నిద్ర తగ్గితే మతిమరుపు, కోపం, దిగులు వస్తాయి. వారాల తరబడి సాగితే "నేనెందుకూ పనికిరాను" అనే నిరాశ కూడా కలగవచ్చు. విశాఖపట్నంలో నీట్ కోచింగుకు వెళ్ళిన ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సిలర్ ఉండాలని చెప్పింది. అయితే ఇంట్లో మొదటి కౌన్సిలర్ తల్లిదండ్రులే.

తల్లిదండ్రులకు మా సలహాలు

1. రాత్రి 10 గంటలకు పుస్తకం మూయించండి. ఉదయం 6 వరకు పడుకోనివ్వండి.

2. సాయంత్రం తర్వాత టీ, కాఫీ ఇవ్వకండి. వాటి ప్రభావం చాలా గంటలు ఉంటుంది.

3. సెల్‌ఫోను పడక దగ్గర ఉంచనీయకండి.

4. పరీక్ష ముందు రాత్రి తెల్లవార్లూ చదవనీయకండి.

5. పక్కింటి పిల్లల మార్కులతో పోల్చకండి.

6. డాక్టరు చెప్పనిదే నిద్రమాత్రలు కొనకండి.

7. రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే ఆసుపత్రికి తీసుకురండి. పిల్లల నోట చావు మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416 కు రాత్రింబగళ్ళు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఏలీయా ప్రవక్త ఇక చాలని, చావు కోరుకుని చెట్టు క్రింద పడుకున్నప్పుడు దేవుడు అతణ్ణి గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్ళు ఇప్పించాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. ఆ తర్వాతే ప్రయాణం సంగతి. అలసిన మన బిడ్డలను కూడా మనం అలాగే చూసుకుందాం.

మూడు వారాల తర్వాత ఆ తల్లీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. "ఇప్పుడు పదింటికే దీపం ఆర్పేస్తా ఉన్నాను సిస్టరమ్మా" అన్నది తల్లి. పాప ముఖం తేటగా ఉంది. మార్కులెన్నో మేము అడగలేదు.