రిలే చెప్పే ఒక్క మాట

కరిగిన ఆక్సిజన్ (డీవో) మీటరు, పీహెచ్ కంట్రోలరు, గ్యాస్ క్రొమటోగ్రాఫ్ వంటి చాలా పరికరాలకు వెనుకవైపు రిలే టెర్మినళ్లు ఉంటాయి. లోపల ఉన్నది విద్యుదయస్కాంతంతో కదిలే స్విచ్చు, అంతే. పరికరం అనుకున్న క్షణంలో చుట్టలో కరెంటు పారుతుంది, రెండు లోహపు కొనలు కలుస్తాయి. కొలత ఎంత వచ్చిందో రిలే చెప్పదు. ‘ఇప్పుడే’ అని మాత్రం చెబుతుంది. కంప్యూటరు డేటా తీసుకోవడం మొదలుపెట్టడానికి ఆ ఒక్క మాట చాలు.

ఏలూరు నుంచి కైకలూరు, ఆకివీడు దాకా కొల్లేరు చుట్టూ ఉన్న శీలావతి, బొచ్చె చేపల చెరువుల్లో దీని అవసరం బాగా తెలుస్తుంది. 30 డిగ్రీల మంచినీటిలో కరిగి నిలవగల ఆక్సిజన్ లీటరుకు దాదాపు 7.5 మిల్లీగ్రాములే. చీకటి పడితే కిరణజన్య సంయోగక్రియ ఆగుతుంది. చేపలు, నాచు, అడుగు బురద మాత్రం ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. అందుకే డీవో సాధారణంగా తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. మనిషి నిద్రపోయే వేళ అది. మీటరులో హద్దు 4 మిల్లీగ్రాములని పెడితే, అంతకన్నా తగ్గగానే రిలే మారుతుంది. ఏరియేటర్లను నడిపే పెద్ద స్విచ్చును, అంటే కాంటాక్టరును, లాగుతుంది. అదే సంకేతం కంప్యూటరుకూ అందితే పది నిమిషాలకోసారి నమోదయ్యే రీడింగు కొన్ని సెకన్లకోసారి నమోదవుతుంది. తిరిగి ఆగే హద్దును 5 దగ్గర పెట్టాలి. రెండూ ఒకటే అయితే రిలే టకటకా కొట్టుకుంటూ కూర్చుంటుంది.

అసలు తెలుసుకోవలసింది పడిపోయాక ఏమైందని కాదు, ఎలా పడిపోయిందని. అందుకే మంచి ప్రోగ్రాము గడచిన అరగంట రీడింగులను ఎప్పుడూ మెమరీలో తిప్పుతూ ఉంచుకుంటుంది. సంకేతం రాగానే వాటినీ ఫైలులో చేరుస్తుంది. గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో ఈ బాధ లేదు. నమూనాను లోపలికి పంపిన క్షణమే సున్నా సెకను. అక్కడ చేత్తో బటన్ నొక్కితే వచ్చే ఒక సెకను తేడా, సన్నటి శిఖరాలను ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు చిక్కు తెస్తుంది.

తీగలు కలపడం తేలికే, జాగ్రత్తలే ఎక్కువ. కంప్యూటరు వైపు ఇన్‌పుట్ పిన్నును 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు ద్వారా 5 వోల్టులకు కడతారు. రిలే కాంటాక్టు గ్రౌండుకు మూసుకుంటే పిన్ను వోల్టేజీ సున్నాకు దిగుతుంది. ఆ దిగుడే ట్రిగ్గర్. అయితే లోహపు కొనలు ఒక్కసారిగా అతుక్కోవు, కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడతాయి. ప్రోగ్రాము మొదటి మార్పు సమయాన్ని రాసుకుని, ఆపై 50 మిల్లీసెకన్ల పాటు వచ్చేవాటిని లెక్కచేయకుండా ఉంటే ఒక సంఘటన పదిగా నమోదు కాదు.

ఇంకో సమస్య కరెంటు మరీ తక్కువ కావడం. ఆ సర్క్యూట్లో పారేది అర మిల్లీ ఆంపియరే. ఆంపియర్ల బరువుకు తయారైన కాంటాక్టుపై, తేమ నిండిన చెరువు గట్టున పేరుకునే పొరను అది ఛేదించలేకపోవచ్చు. 24 వోల్టుల సరఫరాతో, సంకేతాన్ని కాంతి రూపంలో దాటించే ఆప్టోకప్లరు ద్వారా కొన్ని మిల్లీ ఆంపియర్లు పంపడం మేలు. పొడవాటి తీగల్లో పుట్టే గోల నుంచీ, పిడుగుల వేళ వచ్చే చిన్నపాటి వోల్టేజీ ఉప్పెనల నుంచీ కంప్యూటరుకు కొంత రక్షణ దొరుకుతుంది. కాంటాక్టరును లాగే 230 వోల్టుల జత కాంటాక్టులను మాత్రం కంప్యూటరు వైపు ఎన్నడూ కలపరాదు. కంప్యూటరుకు వేరే జత ఉండాలి.

రిలేను ఏ తీరున కట్టాలన్నదీ ముఖ్యమే. ప్రమాదం వచ్చినప్పుడు మూసుకునేలా కడితే, ఎలుక కొరికిన తీగ ‘అంతా బాగుంది’ అన్నట్టే కనిపిస్తుంది. మామూలు వేళ కాంటాక్టు మూసి ఉండి, డీవో పడిపోయినా, మీటరుకు కరెంటు పోయినా తెరుచుకునేలా కడితే తెగిన తీగ కూడా కంప్యూటరును లేపుతుంది; అప్పుడు మూసుకోవడం కాక తెరుచుకోవడమే ట్రిగ్గర్. ఆ కంప్యూటరుకూ ఆప్టోకప్లరుకూ బ్యాటరీ సరఫరా ఉండాలి. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలోనో, ఏలూరు ఇంజినీరింగ్ కళాశాలల్లోనో చదివే విద్యార్థులు ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే, దగ్గరి చెరువు గట్టున దీన్ని కట్టి చూడవచ్చు. ఖర్చూ పెద్దగా కాదు.